సోమనర్సు కోసిన మోకులు

మాణిక్యయ్య గురువుగారికి కోపం ఎక్కువ. ఆయన శిష్యులం ఈ సంగతి దాచిపెట్టి లాభం లేదు. చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ అది తెలుసు. పొద్దున ఆరింటికి తన పెంకుటింటి వసారాలో గోనెపట్టా మీద కూర్చుని, జరిగిపోయినదానితో పోట్లాడవద్దని, వచ్చిన కష్టాన్ని ఇంటికొచ్చిన మనిషిలా కూర్చోబెట్టుకోమని మెల్లగా బోధ చెప్పేవారు. పదకొండింటికి అదే మనిషి చెప్పులు వేసుకుని బయలుదేరి, ఆస్పత్రికి నర్సు రావడం లేదనో, బడి పిల్లలకు తాగడానికి నీళ్ళు లేవనో, ఎవరో ఒక అధికారి బల్ల మీద చెయ్యి చరిచి వచ్చేవారు. పొద్దుటి మాటకూ పదకొండింటి పనికీ పొంతన ఎక్కడని మాలో చాలామందికి అనుమానం ఉండేది. అడిగే ధైర్యం ఉండేది కాదు. చివరికి కేదారి అడిగాడు. అతను ధైర్యం తెచ్చుకుని అడగలేదు, కోపం పట్టలేక అడిగాడు.

కేదారి మగ్గం నేసే మనిషి. ఆ ఏడు ఆషాఢంలో వచ్చిన గాలివానకు మా మగ్గాల వీధి మీద కరెంటు తీగ ఒకటి జారి మనిషి ఎత్తుకు దిగింది. మేత నుంచి వస్తున్న కేదారి బర్రె కొమ్ము దానికి తగిలింది. బర్రె అక్కడికక్కడే పడిపోయింది. దాని దూడకు అప్పటికి నాలుగు నెలలు. మర్నాడు పొద్దున కేదారి రోజూలాగే బోధకు వచ్చి కూర్చున్నాడు. గురువుగారు అడిగితే, "పోయింది గురువుగారూ. ఒప్పుకున్న" అన్నాడు. గురువుగారు అతన్ని ఒక క్షణం చూసి, "మంచిది" అన్నారు. ఆ ఒక్క మాటను అతను భద్రంగా ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఆ రోజే పదకొండింటికి గురువుగారు కరెంటు ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి ఇంజినీరు, దరఖాస్తు పెట్టండి, వరస ప్రకారం చూస్తామన్నాడట. "నీ పిల్లలు ఆడుకునే చోట వేలాడితే వరస చూస్తవా?" అని గురువుగారు వేసిన కేక రోడ్డు దాకా వినిపించింది. లైన్‌మన్ నిచ్చెన భుజాన పెట్టుకునేదాకా ఆయన ఆ గుమ్మంలోంచి కదల్లేదు. పొద్దు వాలే లోపల తీగ పైకి పోయింది. కేదారి తన ఇంటి అరుగు మీద నుంచి అంతా చూశాడు.

మరుసటి పొద్దున అతను వచ్చాడు గాని కూర్చోలేదు.

"గురువుగారూ, ఒక మాట అడుగుత. మీకు కోపమొచ్చినా సరే."

"అడుగు."

"నిన్న పొద్దున నేను ఒప్పుకున్ననంటే మంచిదన్నరు. పదకొండింటికి మీరే పోయి ఆ ఇంజినీరు మీద పడ్డరు. ఒప్పుకునుడు మంచిదైతే మీరెందుకు ఒప్పుకోలేదు? కొట్లాడుడు మంచిదైతే నన్నెందుకు మెచ్చుకున్నరు? సచ్చింది నా బర్రె. మొత్తుకోవాల్సినోన్ని నేను నోరు మూసుకున్న. ఏమీ పోని మీరు పోయి మొత్తుకున్నరు. రాత్రంత నా ఇంట్ల దూడ అరుస్తనే ఉన్నది. నేను మీ మాట తల్చుకుంట పండుకున్న. ఇంతకు మీరు మాకు చెప్పేది నిజమా, మీరు చేసేది నిజమా?"

పక్కనున్నవాళ్ళు అతని చొక్కా పట్టి కూర్చోబెట్టబోయారు. గురువుగారు వద్దన్నారు. ఆయన కేకలు వేస్తారని మేమందరం తలలు వంచుకున్నాం. ఆయన వేయలేదు. గోనెపట్టా అంచును వేళ్ళతో సరిచేశారు.

"అడగాల్సిందే అడిగినవ్. జరిగిన సంగతి ఒకటి ఉన్నది కేదారీ. అది చెప్పాలంటే నాకు సిగ్గు. అందుకే ఇన్నేండ్లు చెప్పలేదు. కూర్చో."

ఆయన చెప్పింది, విన్నది విన్నట్టు, ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి గురువుగారి వయసు ముప్పై రెండు. తన గురువు దగ్గర ఉపదేశం పొంది, తెల్లబట్టలు కట్టి, ఊరూరా తిరిగి బోధ చెప్పడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. మాట ధారగా వచ్చేది. పుస్తకాల భాషలో మాట్లాడేవారు. జనం విరగబడి వచ్చేవారు. రేగులగూడెం అనే ఊళ్ళో ఆయనకు శిష్యులు ఎక్కువ. అది కల్లుగీత మీద బతికే ఊరు. ఊరికి పడమట ఐదారు వందల చెట్ల తాటివనం ఉండేది.

గీసేవాడి ప్రాణం మోకులో ఉంటుంది. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడును మోకు అంటారు. దానికి వెనక్కి ఆనుకుని, నేలకు నలభై అడుగుల పైన రెండు చేతులూ వదిలి, గీతగాడు గెల చెక్కి, కల్లు కారి నిండేందుకు లొట్టి అనే కుండ కడతాడు. ఆ ఊళ్ళో సోమనర్సు అనే ఆయన ఇరవై మూడేళ్ళు అలా గీసి, ఒక పొద్దున మోకు తెగి కింద పడ్డాడు. చావలేదు. నడుము విరిగింది. పట్నం దవాఖానలో నెల రోజులు ఉంచుకుని, కాళ్ళు ఇక పనిచేయవని చెప్పి మంచం మీద ఇంటికి పంపారు.

ఓదార్చడానికి గురువుగారు వెళ్ళారు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూర్చుకుంటూ వెళ్ళారు. ఒక్కటీ అవసరం పడలేదు. సోమనర్సు ఆయన్ని చూసి ముందు, "అన్నం తిన్నరా సామీ?" అని అడిగాడు. భార్య రాజవ్వను పిలిచి మజ్జిగ ఇమ్మన్నాడు.

"ఎలా ఉంది సోమనర్సూ?"

"నడుము కిందికి పోయింది. మీదికి ఉన్నది."

"ఎవరి మీదా కోపం లేదా నీకు?"

"ఎవల మీద కోపం చెయ్యాలె? తాడు పాతగైంది. నేను చూసుకోలే. పడ్డ. ఇగ గంతే."

గురువుగారికి కళ్ళు చెమర్చాయి. ఎన్నో గ్రంథాలు చదివినా తనకు పట్టుబడనిది ఈ అక్షరం రాని మనిషికి మంచం మీద దొరికిందనుకున్నారు. ఆ నెలలో పది ఊళ్ళలో సోమనర్సు గురించే బోధ చెప్పారు. "పడ్డ, ఇక అంతే" అన్న మాటను పది రకాలుగా వివరించారు. విన్నవాళ్ళు ఏడ్చారు. కొందరు కొబ్బరికాయలు పట్టుకుని రేగులగూడెం వెళ్ళి సోమనర్సు కాళ్ళకు దండం పెట్టి వచ్చారు. ఆ కాళ్ళకు స్పర్శ లేదన్న సంగతి కూడా వాళ్ళకు తోచలేదు.

ఇక్కడ గురువుగారు ఆగి మా వైపు చూశారు. "ఆయన అన్నది నాలుగు మాటలు. నేను చెప్పింది చివరి రెండే. 'తాడు పాతగైంది, నేను చూసుకోలే' అన్నది నేను ఏ ఊళ్ళోనూ చెప్పలేదు. అందులో వేదాంతం లేదనుకున్నాను."

సోమనర్సు మాత్రం ఆ రెండు మాటల్నే పట్టుకుని ఉన్నాడు. ఇంటికి వచ్చిన రెండో నెలలో తన మంచాన్ని తాటివనం మొదట్లోకి మోయించుకున్నాడు. నాలుగు గుంజల మీద తాటికమ్మలు పరిపించి, ఆ నీడలో పడుకున్నాడు. పొద్దున చెట్లెక్కడానికి వచ్చే ప్రతి గీతగాడూ ఆ మంచం పక్కగానే పోవాలి.

"మోకు చూపియ్."

మొదట్లో జాలిపడి చూపించారు. ఆయన దాన్ని ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి బొటనవేలితో తడుముతూ పోయేవాడు. ఎక్కడైనా పేలికలు తేలి, లోపలి పురి మెత్తబడినట్టు తగిలితే ఇంకో మాట లేదు. దిండు కింద నుంచి గీత కత్తి తీసి తాడును అక్కడికక్కడే రెండు ముక్కలు చేసేవాడు. మొదటి నెలలో ముగ్గురి మోకులు కోశాడు.

ఊరు మండిపడింది. గెలను పొద్దునా సాయంత్రం చెక్కకపోతే ఊట ఆగి ఎండిపోతుంది. కొత్త మోకు పేనుకునేదాకా ఆ మనిషి చెట్లన్నీ పాడే. "ఆయన పడ్డడని మనల్ని చెట్లెక్కనియ్యడా?" అన్నారు. "నడుముతోటి తల్కాయ గూడ ఇరిగింది" అన్నారు. రాజవ్వతో ఆడవాళ్ళు మాట్లాడటం మానేశారు. సోమనర్సు ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. చూపించకుండా వెనక దారిన పోయేవాళ్ళను మంచం మీద నుంచే పేరు పెట్టి, వాళ్ళ తండ్రుల పేర్లు కూడా పెట్టి తిట్టేవాడు. తన నడుము విరిగినప్పుడు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి నోట అంత కోపం ఉందని ఊరికి అప్పుడే తెలిసింది.

బిక్షపతి అనే అతనికి ఇరవై ఆరేళ్ళు. తండ్రి పోయాక ముప్పై చెట్లు అతని వంతుకు వచ్చాయి. భార్య పేరు అండాలు. చంటిపిల్ల ఒకతె. సోమనర్సు ఒకరోజు అతని మోకు కోశాడు. బిక్షపతి ఇంటికి పోయి, అటక మీద ఉన్న తండ్రి మోకు దించుకొచ్చాడు. దాన్ని కూడా చూపించమంటే కొట్లాటకు దిగాడు. గురువుగారు ఆ వేళ ఊళ్ళోనే ఉన్నారు. బిక్షపతి నేరుగా ఆయన దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఆయన మీ మాటొక్కటే ఇంటడు. జెర మీరొచ్చి చెప్పున్రి. ఇది మా నాయిన ఎక్కిన తాడు. దీన్ని గూడ కోస్తనంటుండు."

గురువుగారు బయలుదేరారు. వెనకాల ముప్పై మంది నడిచారు. మంచం పక్కన నిలబడి, ఆయన తన మంచి గొంతుతో మొదలుపెట్టారు.

"సోమనర్సూ, నీకు జరిగినదాన్ని నువ్వు ఎంత నిబ్బరంగా స్వీకరించావో పది ఊళ్ళకు చెప్పాను. అటువంటి నీకు ఈ ఆరాటం ఏమిటి? నీ రాతను నువ్వు ఒప్పుకున్నావు. వీళ్ళ రాతను వీళ్ళకు వదిలెయ్."

సోమనర్సు చేతికందిన నీళ్ళ చెంబు తీసి విసిరాడు. అది గురువుగారి భుజానికి తగిలి, తెల్లబట్టలు తడిశాయి.

"నా నడుము ఇరిగింది, నేను ఒప్పుకున్న. ఎందుకంటే అది నా నడుము. ఇరగక ముందుగాల్నే వీని నడుమును ఒప్పుకునేటందుకు నువ్వెవనివి? వీని నడుము నీ అయ్య జాగీరా?"

ఎవరూ నవ్వలేదు. గురువుగారికి చెవులు వేడెక్కాయి. మూడేళ్ళలో ఆయన్ని ఏకవచనంతో పిలిచినవాడు లేడు.

"నీలో ఉన్నది వైరాగ్యం అనుకున్నాను. అసూయ అని ఇప్పుడు తెలిసింది. నువ్వు ఎక్కలేని చెట్టు ఇంకెవరూ ఎక్కకూడదు నీకు" అన్నారాయన.

సోమనర్సు బిక్షపతి వైపు చెయ్యి చాచాడు. "తాడియ్యిరా. నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారియ్యి. మీ నాయిన పొయ్యి ఆరేండ్లాయె. ఆరేండ్లు అటక మీద పొగ తిన్నది అది."

బిక్షపతి తాడు భుజాన వేసుకుని ఊగిసలాడాడు. ఒకసారి సోమనర్సును, ఒకసారి గురువుగారిని చూశాడు. ముప్పై మంది చూస్తున్నారు. తడి బట్టలతో నిలబడ్డ గురువుగారు ముందుకు వచ్చి, ఆ మోకును చేత్తో పట్టుకుని కళ్ళకద్దుకుని, "నీ తండ్రిని మోసిన తాడు నిన్నూ మోస్తుంది. పో నాయనా, ఎక్కు" అన్నారు. బిక్షపతి ఆయన పాదాలు ముట్టి వనంలోకి పోయాడు. మంచం మీద మనిషి వెనక నుంచి ఏదో అరుస్తూనే ఉన్నాడు. గురువుగారు వెనుదిరిగి చూడలేదు.

ఆ రోజు మోకు తెగలేదు. మర్నాడూ తెగలేదు. తాను గెలిచానని గురువుగారు అనుకోవడానికి ఆ రెండు రోజులూ సరిపోయాయి. పొరుగూళ్ళో ఆ సంగతి కూడా బోధలో కలిపి చెప్పారు. మూడో రోజు పొద్దున పద్దెనిమిదో చెట్టు మీద తెగింది. జీపులో పట్నం తీసుకుపోతుంటే, సగం దారిలో బిక్షపతి ప్రాణం పోయింది.

కబురు విని గురువుగారు వచ్చేసరికి ఇంటి ముందు ఊరంతా ఉంది. నలుగురు మనుషులు సోమనర్సు మంచాన్ని అక్కడికే మోసుకొచ్చి దించారు. గురువుగారిని చూసి జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. కొడతారని ఆయన అనుకున్నారు. కొట్టి ఉంటే బాగుండేదని మాతో అన్నారు. ఆ దారి తిన్నగా మంచం దగ్గరికి, మంచం దాటితే గడప దగ్గరికి ఉంది.

సోమనర్సు అరవలేదు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "వచ్చినవా సామీ. లోపల అండాలున్నది. పో. ఒప్పుకోమని చెప్పు."

గురువుగారు కదల్లేదు.

"ఎందుకాగినవ్? పది ఊర్లల్ల చెప్పినవు గదా. పదకొండోసారి చెప్పు. నాకు సదువు రాదు, నాకు చెప్పరాదు. నీకు నోరున్నది. పో, చెప్పు."

గడప లోపల, గోడకు ఆనుకుని, పిల్లను ఒళ్ళో వేసుకుని అండాలు కూర్చుని ఉంది. ఆమె ఏడవడం లేదు. తల ఎత్తి గురువుగారిని చూసి ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"సామీ, మీరు ముట్టినంకనే గదా, ఆయన ఎక్కింది?"

గురువుగారు ఇక్కడ ఆగారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆ ఇంటి సంగతి వదిలేసి తర్వాతి సంగతి చెప్పారు.

దినాలు కాగానే గీతగాళ్ళు తమంతట తామే మోకులు తెచ్చి సోమనర్సు మంచం మీద పడేశారు. ఆయన ఆ పొద్దున తొమ్మిది కోశాడు. ఒక్కరూ నోరెత్తలేదు. ఆయన కళ్ళలో మాత్రం సంతోషం లేదు. ఒక్కో తాడు కోస్తున్నప్పుడూ బిక్షపతి పేరు పెట్టి తిట్టాడట. చచ్చినవాణ్ని అలా తిట్టడం గురువుగారు అంతకు ముందు ఎన్నడూ వినలేదు. తిడుతూ తిడుతూ మధ్యలో కత్తి పక్కన పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మళ్ళీ కత్తి తీసుకుని తర్వాతి తాడు అడిగాడు.

గురువుగారు ఊరూరా తిరగడం మానేశారు. రేగులగూడెంలో ఒక కొట్టంలో ఉండిపోయి, రోజూ తెల్లవారగానే ఆ మంచం దగ్గరికి పోయి నిలబడేవారు. మొదటి పది రోజులు సోమనర్సు ఆయన వైపు చూడలేదు. పదకొండో రోజు ఒక కొత్త మోకు వచ్చింది, పొడుగ్గా, బరువుగా. దాన్ని బిగలాగి చూడాలంటే రెండో మనిషి కావాలి. సోమనర్సు ఒక కొసను ఆయన వైపు విసిరి, "పట్టు, గుంజు" అన్నాడు. అప్పటి నుంచి ఒక కొస ఆయనది, ఒక కొస గురువుగారిది. పురిలో ఏ మెత్తదనం ప్రమాదమో, ఏది వాడకం వల్ల వచ్చిందో గురువుగారి బొటనవేలికి తెలియడానికి ఏడాది పట్టింది. తప్పు చెప్పినప్పుడల్లా తిట్లు తిన్నారు.

సోమనర్సు ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ తొమ్మిదేళ్ళలో రేగులగూడెం వనంలో ఇద్దరు పడ్డారు, వానలో కాలు జారి. మోకు తెగి ఎవరూ పడలేదు. గురువుగారిని ఆయన క్షమించాడా అంటే, క్షమించలేదు. గురువుగారు అడగలేదు.

ఒకసారి మాత్రం, ఎండాకాలం మధ్యాహ్నం, మనుషులెవరూ లేనప్పుడు, గురువుగారు ఉండబట్టలేక అడిగారు. "నీ నడుము గురించి నిజంగా నీకు ఎన్నడూ కోపం రాలేదా?"

సోమనర్సు ఆయన్ని తెలివి తక్కువవాణ్ని చూసినట్టు చూశాడు. "రాకుంటెట్ల? దవాఖానల ఉన్నప్పుడు నెల దినాలు గదే పని. పండ్లు కొరుక్కుంట పండుకునేటోన్ని. నా కోసమని కోపం జేస్తే అది నా మంచంలనే పండి నన్నే తింటది, సామీ. ఇరిగిన ఎముక అతుకదు. వీండ్ల కోసం జేస్తే తాళ్ళన్న గట్టిగైతయి. ఉన్న కోపం గింతే. యాడ పెట్టాల్నో చూసుకోవద్దా?"

అని, కాళ్ళ మీద వాలిన ఈగల్ని తోలమని తువ్వాలు ఆయన చేతికిచ్చి, కళ్ళు మూసుకున్నాడట.

గురువుగారు చెప్పడం ఆపారు. బోధ వేళ ఎప్పుడో దాటిపోయింది. ఎండ వసారా మెట్ల మీదికి వచ్చింది. మాలో ఒకరిద్దరికి ఆయన ముఖం చూడాలంటే భయం వేసింది. ఇంతకాలం అది చిరాకు పడే పెద్దాయన ముఖం అనుకున్నాం. బల్ల మీద ఆయన చెయ్యి చరిచే ప్రతిసారీ ఆ చేతిలో ఏ తాడు ఉండేదో మాకెవరికీ తెలియదు.

కేదారి మెల్లగా కూర్చున్నాడు. కూర్చున్నాక అతని కోపం పూర్తిగా పోలేదనే నాకు అనిపించింది. అది అతని దగ్గరే ఉంది గాని వైపు మార్చుకుంటోంది. అతను నేల చూస్తూ అన్నాడు.

"తీగ జారిన పొద్దు నేను చూసిన, గురువుగారూ. బర్రె సచ్చే ముందుగాల్నే చూసిన. ఎవలన్న చెప్తరులే అనుకున్న."

గురువుగారు అతని వైపు తిరిగి కూర్చున్నారు.

"బర్రె పోయినంక గూడ, ఒప్పుకున్న ఒప్పుకున్న అనుకుంట ఇంట్ల కూర్చున్న. తీగ ఒక దినమంత అట్లనే ఉండె. బడి ఇడిసిపెట్టినంక పిల్లలు దాని కిందికెళ్ళే పోయిన్రు." అతను తల ఎత్తాడు. "ఆ అండాలుకు మీరేం చెప్పిన్రు?"

ఆ ప్రశ్న మా అందరి నాలుక మీదా ఉంది. ఆ గడప దగ్గర ఆయన్ని వదిలేసి ముందుకు వచ్చిన దగ్గర్నుంచీ ఉంది. గురువుగారు గోనెపట్టా మీద నుంచి లేచి, దాన్ని చుట్టి గోడకు ఆనించారు.

"ఏం చెప్పలేదు. వాకిట్లో రెండు బిందెలు ఖాళీగా ఉన్నయి. తీసుకుని బోరింగు దగ్గరికి పోయిన."

"ఎన్ని దినాలు మోసిన్రు?"

"లెక్క పెట్టలేదు. చాలా దూరం, కేదారీ, ఆ ఊళ్ళో బోరింగు."